మిరప కల్లం బొమ్మ

భారతీదేవి ఉద్యోగం అడగడానికి వచ్చిన రోజు జాకియా ఆమెని గేటు దగ్గరే గుర్తుపట్టింది. జుట్టు పూర్తిగా నెరిసింది. మనిషి సగమైంది. నడకలో కాస్త తూలుడు వచ్చింది. కానీ కుడిచేతి చూపుడువేలు పైకెత్తి వాచ్‌మన్‌తో మాట్లాడే తీరు మారలేదు. ఆ వేలిని జాకియా ఇరవై ఆరేళ్లుగా మర్చిపోలేదు.

జాకియా నందిగామలో ఒక ప్రైవేటు స్కూలుకి కరస్పాండెంట్. భర్త వాసింతో కలిసి ఐదు గదుల రేకుల షెడ్డులో మొదలుపెట్టిన బడి అది. ఇప్పుడు పదో తరగతి దాకా ఉంది. చందర్లపాడు, కంచికచర్ల, పరిటాల నుంచి పిల్లలు స్కూలు బస్సుల్లో వస్తారు. బస్సుల సంగతీ, మరమ్మతుల సంగతీ వాసిం చూసుకుంటాడు. మిగతాదంతా జాకియాదే. ఆమె మాట కటువుగా ఉంటుందని టీచర్లు అనుకుంటారు. ఆ కటువుతనం వల్లే స్కూలు నిలబడిందని కూడా వాళ్లే అంటారు.

ఆమె పుట్టి పెరిగింది జగ్గయ్యపేటలో. తండ్రి నాసర్ లారీలకి రంగులేసేవాడు. హైవే పక్కన షెడ్డులో పొద్దుట్నించీ సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని లారీ వెనక తలుపుల మీద బొమ్మలు గీసేవాడు. ఎక్కువగా తామరపువ్వుకి అటో హంస, ఇటో హంస. జాకియా ఎనిమిదో తరగతిలో ఉండగా డ్రాయింగ్ టీచర్ ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లని ఇంటి దగ్గర వేసుకురమ్మంది. జాకియా రెండు రోజులు తండ్రి పక్కన కూర్చుని హంసలు వేసింది. హంస మెడ ఒక్క ఊపులో తిప్పాలనీ, మధ్యలో ఆగితే మెడ విరిగినట్టుంటుందనీ చెప్పి నాసర్ ఆమె చేతి మీద తన చెయ్యి వేసి తిప్పించాడు. ఆ మెడ చాలా బాగా వచ్చింది. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూసుకున్నారు.

మర్నాడు డ్రాయింగ్ టీచర్ భారతీదేవి ఆ బొమ్మని పైకెత్తి క్లాసంతటికీ చూపించింది. మెచ్చుకుంటుందేమోనని జాకియా లేచి నిలబడింది కూడా.

"ఇది బొమ్మ కాదు. తీసుకెళ్లి లారీ వెనక తగిలించు. కింద సౌండ్ హారన్ అని రాస్తే సరిపోద్ది," అంది భారతీదేవి, వేలితో హంస మెడని పొడుస్తూ.

క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా జాకియా పేరు హారన్. వరండాలో నడిచి వెళ్తుంటే వెనక నుంచి ఎవరో ఒకరు పాం పాం అనేవారు. ఆ పేరుని ఆమె భరించింది. భరించలేకపోయింది తర్వాత తను చేసిన పనిని. ఒకరోజు నాసర్ రంగు చేతులతోనే అన్నం క్యారేజీ పట్టుకుని స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరాయన అని పక్కపిల్ల అడిగితే, మా ఇంట్లో పనిచేస్తాడని జాకియా చెప్పింది. ఆ మాట నాసర్‌కి వినపడింది. క్యారేజీ ఇచ్చి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ స్కూలుకి రాలేదు. ఎందుకలా అన్నావని అడగనూ లేదు. జాకియా బీఈడీ చదువుతుండగా పోయాడు.

ఇప్పుడు భారతీదేవి ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, మేడం అని పిలుస్తూ మాట్లాడుతోంది. రిటైరై తొమ్మిదేళ్లైందట. చేతులు ఊరుకోక వాటర్ కలర్ పెన్సిళ్లతో సొంతంగా నేర్చుకున్నానని చెప్పింది. మామూలు రంగు పెన్సిల్లాగే గీయొచ్చు, పైన తడి కుంచె రాస్తే పెయింటింగ్ అయిపోతుంది, చిన్నపిల్లలక్కూడా సులువు, బట్టలు పాడవ్వవు అంది. డబ్బా తెరిచి చూపించింది. అరిగిపోయి వేలెడంత మిగిలిన పెన్సిళ్లని కూడా దారంతో కట్టి దాచుకుంది.

జాకియా తన పేరు నిదానంగా, ఒక్కో అక్షరం వినపడేట్టు చెప్పింది. తనదీ జగ్గయ్యపేటేననీ, ఆ హైస్కూల్లోనే చదివాననీ, ఏ సంవత్సరం పది పాసయిందో కూడా చెప్పింది. చెప్పి ఆగింది.

భారతీదేవి మొహం విప్పారింది. అయితే మన ఊరేనన్నమాట అని సంబరపడింది. బస్సులో పక్క సీటులో కూర్చున్నవాళ్లతో సంబరపడ్డట్టు. అంతకు మించి ఆ కళ్లలో ఏమీ కదల్లేదు.

జాకియా ఆమెకి ఉద్యోగం ఇచ్చింది. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో రావాలి, ఆ వయసులో ఏం చెప్తుంది, వేరే ఎవరూ దొరకలేదా అని వాసిం అడిగాడు. అనుభవం ఉందని జాకియా సమాధానమిచ్చింది. అసలు కారణం ఆమెకే సరిగ్గా తెలీదు. కళ్ల ముందు తిరుగుతుంటే ఏదో ఒక రోజు గుర్తొస్తుందనీ, గుర్తొచ్చినప్పుడు ఆ మొహం చూడాలనీ అనుకుంది.

భారతీదేవికి ఏడు, ఎనిమిది తరగతులు ఇచ్చారు. మొదటి వారం ఆమె కుంచె ముట్టుకోనివ్వలేదు. పెన్సిల్ని నొక్కకుండా పక్కకి వాల్చి కాగితం మీద నిమరడం నేర్పింది. రంగు పల్చగా ఒకసారి, ఆరాక దాని మీద ఇంకోసారి. రెండో వారం తడి కుంచె ఇచ్చింది. ఎప్పుడూ లేత రంగు వైపు నుంచి ముదురు వైపుకే రాయాలనీ, అటు నుంచి ఇటు వస్తే లేత రంగు మురికవుతుందనీ చెప్పింది. నీళ్లు ఎక్కువైతే గుడ్డతో అద్దండి, తుడవకండి అంది. డబ్బాలో తెల్ల పెన్సిల్ ఉన్నా దాన్ని తీసి తన సంచీలో వేసుకుంది. తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యాలంది. ఆ తర్వాత తడి కాగితం మీద పొడి పెన్సిల్‌తో గీస్తే గీత ఎలా పొంగుతుందో చూపించింది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే గరుకు కాగితం మీద పెన్సిల్ ములికిని రుద్ది, ఆ పొడిని తడి కాగితం మీద రాలిస్తే, పొడి పడ్డ చోటల్లా రంగు చిన్న చిన్న చుక్కలుగా విచ్చుకుంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. డ్రాయింగ్ పీరియడ్‌లో అల్లరి ఆగిపోయింది. ఇది జాకియా కిటికీలోంచి చూసింది.

నెల తిరగ్గానే జాకియా డ్రాయింగ్ క్లాసుని బస్సులు నిలిపే చోటు పక్కనున్న పాత రేకుల షెడ్డుకి మార్చింది. అక్కడ కుళాయి లేదు. పిల్లలు పీరియడ్ మధ్యలో బయట తిరగకూడదని సర్క్యులర్ ఇచ్చింది. దాంతో భారతీదేవి గ్రౌండు అవతలి కుళాయి నుంచి బకెట్‌తో నీళ్లు తనే మోసుకొచ్చేది. ఒక్కసారి మోయలేక సగం సగం రెండుసార్లు. టీచర్లు నిలబడే పాఠం చెప్పాలని చెప్పి జాకియా కుర్చీ తీయించింది. ఒకరోజు నేల మీద రంగు మరకలున్నాయని స్టాఫ్ అందరి ముందూ పిలిచి అడిగింది. ఆయా సెలవులో ఉంది, ఎవరు తుడవాలో మీరే చెప్పండి అంది. భారతీదేవి మారు మాట్లాడకుండా వెళ్లి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని తుడిచింది. లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. 

ఇంత జరిగినా ఆమె ఎందుకిలా అని అడగలేదు. పెద్ద స్కూళ్లలో పద్ధతులు ఇలాగే ఉంటాయనుకుంది కాబోలు. పొద్దున్నే కనపడగానే గుడ్ మార్నింగ్ మేడం అనేది. రాయి విసిరితే నీళ్లలో పడ్డట్టుండేది జాకియాకి. ఇంకా పెద్ద రాయి కోసం చూసేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం షెడ్డు వైపు వెళ్తుంటే లోపల ఏడుపు వినపడింది. ఎనిమిదో తరగతి పిల్ల సింధూర. చందర్లపాడు నుంచి వస్తుంది. తండ్రి బసవయ్య మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. సెలవు రోజుల్లో ఈ పిల్ల కూడా కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంది. ఆ ఘాటుకి సోమవారాలు కళ్లెర్రబడి వస్తుంది. వేసిన చెట్టు మీద నీళ్లు ఒలికి బొమ్మ మొత్తం కలగాపులగమైందని ఏడుస్తోంది. భారతీదేవి బెంచీ పక్కన వంగి, ఆ పిల్ల జుట్టు వెనక్కి సర్దుతోంది.

"ముప్పై నాలుగేళ్లు డ్రాయింగ్ చెప్పానమ్మా. ఒక్క పిల్ల బొమ్మని కూడా బాగాలేదని అనలేదు. అనకూడదు. బొమ్మని అంటే పిల్లని అన్నట్టే," అంటోంది.

జాకియా గుమ్మం బయట నిలబడిపోయింది. ఆ గొంతులో అబద్ధం లేదు. గుర్తుండీ దాచిపెట్టి అంటే బాగుండేది. ఆమె తన గురించి తను నిజంగానే అలా అనుకుంటోంది. జాకియా ఏళ్ల తరబడి మోస్తున్నది ఆ మనిషి జీవితంలో ఒక్క క్షణం కూడా కాలేదు. చేతిలో ఉన్న హాజరు కాగితాలు నలిగిపోయాయని ఆఫీసు గదిలోకి వచ్చాక గానీ ఆమె చూసుకోలేదు.

ఆ రోజు భారతీదేవి సింధూరని నీకు బాగా తెలిసింది వెయ్యమ్మా అని అడిగింది. నాకు కల్లం తప్ప ఏం తెలీదు టీచర్ అంది పిల్ల. అయితే అదే వెయ్యమంది. సింధూరకి మూడు వారాలు పట్టింది. కాగితం నిండా పరిచిన మిరపకాయలు. ఒక్కో కాయ గీయలేదు. తడి మీద ఎర్ర పెన్సిల్ పొడి రాల్చి, ఆరాక ఇంకోసారి రాల్చి, మధ్య మధ్య ములికితో నాలుగు కాయలు మాత్రం పదునుగా గీసింది. ముక్కుకి గుడ్డలు కట్టుకుని వంగున్న ఐదుగురు ఆడవాళ్లు. వాళ్ల తలగుడ్డలు ఉత్త కాగితం తెలుపు. పైన ఆకాశం నీలం కాదు. ఘాటు లేచినట్టు ఎర్రగా, మసగ్గా ఉంది. భారతీదేవి ఆ బొమ్మ మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. పెట్టమని సింధూర అడిగినా పెట్టలేదు.

ఫిబ్రవరి చివర్లో స్కూలు వార్షికోత్సవం. గ్రౌండులో షామియానా వేశారు. స్టేజీ పక్కన బోర్డులకి పిల్లల బొమ్మలు నంబర్లు వేసి తగిలించారు. ఎవరిదో తెలియకుండా పేర్లు వెనకవైపు రాయించారు. బహుమతులు నిర్ణయించడానికి మైలవరం నుంచి థామస్ అనే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టర్ని పిలిచారు. ఆయన అన్నీ రెండుసార్లు తిరిగి చూసి, పదిహేడో నంబరు బొమ్మని ఊడదీసి పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. మొదటి బహుమతి దీనికే అన్నాడు. ఇది పిల్ల చెయ్యి అయితే దాన్ని పట్టించిన టీచర్ చెయ్యి ఎంత గొప్పదో అన్నాడు. ఆమెని స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పాలని కూడా చెప్పాడు.

ఆయన వెళ్లాక జాకియా బొమ్మని వెనక్కి తిప్పింది. కె. సింధూర, ఎనిమిది బి అని ఉంది. ముందుకి తిప్పి చాలాసేపు చూసింది. బాగుందని ఆమెకి తెలిసింది. నాసర్ కూతురికి బొమ్మ బాగుందో లేదో తెలియకుండా ఉండదు.

సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం మొదలైంది. రెండు మూడొందల మంది తల్లిదండ్రులు. మూడో వరసలో సింధూర పక్కన బసవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆయన స్కూలుకి రావడం అదే మొదటిసారి. ముందు వరసలో టీచర్ల మధ్య భారతీదేవి గంజి పెట్టిన చీరలో నిటారుగా కూర్చుంది. డ్రాయింగ్ బహుమతుల వంతు వచ్చింది. జాకియా మైకు దగ్గరికి వెళ్లి పదిహేడో నంబరు బొమ్మ చేతిలోకి తీసుకుంది. బహుమతి ప్రకటించి పిల్ల పేరు చదవడమే పని.

అప్పుడు భారతీదేవి మొహం చూసింది. ఆ మొహం వెలిగిపోతోంది. ఏ తప్పూ చెయ్యని మనిషి మొహం.

జాకియా బొమ్మని రెండు చేతులతో తలకంటే ఎత్తుగా పట్టుకుంది. చూడండి, ఇది చూస్తుంటేనే దగ్గొస్తోంది అంది. జనం నవ్వారు. మేడం సరదాగా మాట్లాడటం వాళ్లు ఎప్పుడూ వినలేదు.

"ఇది బొమ్మ కాదు. తీసుకెళ్లి లారీ వెనక తగిలించాలి," అంది జాకియా నిదానంగా, ముందు వరసలోకి చూస్తూ. "కింద సౌండ్ హారన్ అని రాస్తే సరిపోద్ది."

షామియానా కింద నవ్వు వెనక వరసల దాకా పాకింది. ఎవరో కుర్రాళ్లు పాం పాం అన్నారు. జాకియా భారతీదేవి కళ్లనే చూస్తోంది. వాటిలో గుర్తింపు రాలేదు. భారతీదేవి ఆమె వైపు చూడటమే లేదు. వెనక్కి తిరిగి మూడో వరసలోకి చూస్తోంది. అక్కడ సింధూర మొహం పాలిపోయి కూర్చుంది. బసవయ్య అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వుతున్నాడు.

అక్కడితో ఆపొచ్చు. థామస్ మాస్టారు ఏంటమ్మా ఇది అన్నట్టు కుర్చీలో ముందుకి వంగాడు. జాకియా ఆపలేదు.

"ఎవరిదిది? వేసినవాళ్లు లేచి నిలబడండి."

పేరు ఆమె బొటనవేలి కిందే ఉంది. సింధూర బెంచీ అంచు పట్టుకుని లేవబోయింది. 

"నాదండి," అంది భారతీదేవి. ఆమె అప్పటికే లేచి నిలబడింది. "ఆ బొమ్మ నేనే వేశా."

సింధూర మళ్లీ కూర్చుండిపోయింది. నవ్వు ఆగింది. థామస్ మాస్టారు ఉండబట్టలేక, మైకు లేకుండానే అందరికీ వినపడేలా అన్నాడు.

"అదేంటమ్మా. నేను మొదటి బహుమతి దానికే రాశానే. పిల్లల పోటీలో మీ బొమ్మ పెట్టారా?"

భారతీదేవి నోరు తెరిచింది. మొదటి బహుమతి సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది. ఇప్పుడు నిజం చెప్తే, నవ్వులపాలైన బొమ్మ నాదేనని పిల్ల ఇంతమంది ముందు ఒప్పుకోవాలి. చెప్పకపోతే బహుమతి పోతుంది. ఏది మంచిదో ఆమె తేల్చుకునేలోపే జాకియా మైకు దగ్గరికి లాక్కుంది.

టీచర్లు వేసిన బొమ్మలు పోటీకి పనికిరావని చెప్పింది. ఇలా జరిగినందుకు మేనేజ్‌మెంట్ తరఫున తల్లిదండ్రులకి క్షమాపణ అడిగింది. పదిహేడో నంబరు రద్దు చేసి రెండో స్థానంలో ఉన్న బొమ్మకి మొదటి బహుమతి ఇచ్చింది. అది పేరెంట్స్ కమిటీలో ఉన్న నవీన్‌బాబు కొడుకుది. నవీన్‌బాబు కొడుకుతో పాటు స్టేజీ ఎక్కి, మిగతావాటిలో ఇంకెన్ని టీచరే వేసిందో విచారించాలని మైకులో అన్నాడు. చప్పట్లు పడ్డాయి. భారతీదేవి ఆ చప్పట్లయ్యేదాకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

సింధూర తండ్రి చెవిలో, అది నాది నాన్నా, నేనే వేశా అని చెప్పింది. బసవయ్య ఊరుకోమన్నాడు. అందరూ నవ్విన దాన్ని నాదని చెప్పుకుని ఏం బావుకుంటావు అన్నాడు. మరి ఫస్ట్ ప్రైజ్ దానికే అన్నారుగా నాన్నా అని పిల్ల అడిగింది. బసవయ్య స్టేజీ వైపు తిరిగి కూర్చున్నాడు. సింధూర మాత్రం తనకి తనే సమాధానం వెతుక్కుంది. టీచర్‌కి ప్రైజ్ సంగతి ముందే తెలుసు. మంచి బొమ్మని తన పేరు మీద పెట్టుకుంది.

కార్యక్రమం అయ్యాక భారతీదేవి జనంలోంచి దారి చేసుకుంటూ గేటు దాకా వెళ్లి సింధూర చెయ్యి పట్టుకుంది. పిల్ల చెయ్యి లాగేసుకుంది.

"మీ బొమ్మ మీరు వేసుకోవచ్చుగా టీచర్," అంది.

భారతీదేవి ఏదో చెప్పబోయింది. అంతలో చందర్లపాడు ఆటో కదులుతోందని బసవయ్య కూతుర్ని లాక్కుని వెళ్లిపోయాడు. వెళ్తూ, పెద్దవాళ్లు మీరే ఇలా చేస్తే ఎలా అండీ అని ఒక మాట అనేసి వెళ్లాడు. జాకియా గేటు పక్కనున్న ఆఫీసు మెట్ల మీద నుంచి ఇదంతా చూసింది. ఆ పిల్ల నోట ఆ మాట వింటున్నప్పుడు ఆమెకి కడుపులో చల్లగా అనిపించింది. దాన్ని ఆమె దాచుకోలేదు, కనీసం తన దగ్గర.

సోమవారం నాటికి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో భారతీదేవి పేరు దొంగ టీచర్ అయింది. ఎవరో ఆమె స్టేజీ ముందు నిలబడి ఉన్న ఫోటో పెట్టి కింద సౌండ్ హారన్ అని రాశారు. జాకియా ఆ గ్రూపుకి అడ్మిన్. తీసెయ్యలేదు.

భారతీదేవి ఆ పొద్దున మామూలు బస్సుకే వచ్చింది. ఆఫీసు గదిలో ఆమెకి కుర్చీ చూపించలేదు. పిల్లలకి ఎదురుపడకుండా సామాను తీసుకుని వెళ్లమనీ, తల్లిదండ్రులు ఒప్పుకోవట్లేదనీ జాకియా చెప్పింది. ఉద్యోగం గురించి భారతీదేవి ఏమీ అడగలేదు. సింధూరతో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి అని మాత్రం అడిగింది. కుదరదంది జాకియా.

"అది ఆ పిల్ల బొమ్మేనండి. వెనక పేరుంది, చూడండి."

"చూశా."

"ఎప్పుడు చూశారు?"

"మైకు పట్టుకోకముందే."

భారతీదేవి తలెత్తి ఆమెని చూసింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక మనిషిని చూసినట్టు చూసింది. జాకియా ఎదురుచూసిన చూపు అదే. లేచి బల్ల చుట్టూ తిరిగి దగ్గరగా వచ్చి నిలబడింది. నాసర్ గురించి చెప్పింది, హంసల గురించి చెప్పింది. క్లాసులో ఎక్కడ కూర్చునేదో, ఆ రోజు భారతీదేవి ఏ రంగు చీర కట్టుకుందో చెప్పింది. హారన్ అన్న పేరు చెప్పింది. గేటు దగ్గర తండ్రిని పనివాడన్న సంగతి మాత్రం చెప్పలేకపోయింది.

భారతీదేవి కళ్లు మూసుకుంది. నుదురు ముడిచి నిజంగానే వెతికింది. హంసలా అని ఒకసారి, లారీ బొమ్మలాయన కూతురా అని ఒకసారి తనలో తను అనుకుంది. కళ్లు తెరిచింది.

"గుర్తు రావట్లేదమ్మా," అంది. మేడం అనలేదు. "అనే ఉంటా. అప్పట్లో నా నోరు మంచిది కాదని మా ఆయన కూడా అనేవారు. ఎంతమందిని అన్నానో మరి. అననే లేదనుకుంటూ ఇన్నాళ్లూ బతికా."

 జాకియా ఇంకా ఏదో రావాలి అన్నట్టు నిలబడింది. కాళ్ల మీద పడుతుందనుకుందో, ఏడుస్తుందనుకుందో. భారతీదేవి ఏడవలేదు.

"నా మీద కోపం నా మీదే తీర్చుకోండి. ఇంకా మిగిలుంటే ఇంకా తీర్చుకోండి, వస్తా. ఆ పిల్లకి మాత్రం చెప్పండి, బొమ్మ తనదేనని. లేకపోతే ఇక పెన్సిల్ పట్టుకోదు."

"చెప్తాలెండి," అంది జాకియా.

భారతీదేవి షెడ్డుకి వెళ్లి డబ్బా, గరుకు కాగితం ముక్కలు, గుడ్డలు సంచీలో సర్దుకుంది. కుంచెలు కడిగిన బకెట్‌లో నీళ్లుంటే బయట చెట్టు మొదట్లో పోసి బకెట్ బోర్లించింది. ఎనిమిదో తరగతి కిటికీలు గ్రౌండు వైపే ఉంటాయి. ఆమె గేటు దాటేదాకా ఆ కిటికీల్లోంచి పిల్లలు చూస్తూనే ఉన్నారు. ఒకరిద్దరు పాం పాం అన్నారు. భారతీదేవి నడక ఆపలేదు గానీ, రెండోసారి విన్నప్పుడు సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

జాకియా బొమ్మని బీరువాలో ఫైళ్ల కింద పెట్టి తాళం వేసింది. సింధూరని పిలిచి చెప్పడం రెండు నిమిషాల పని. ఆ వారం పిలవలేదు. తర్వాతి వారం పరీక్షల హడావిడి. రాత్రి అన్నాల దగ్గర వాసిం, ఆ బొమ్మ నిజంగా ఆవిడదేనా, థామస్ మాస్టారు ఫోన్ చేసి అడిగాడు అన్నాడు. ఆవిడే ఒప్పుకుందిగా అని జాకియా కూర వడ్డించింది.

మార్చి మధ్యలో ఒకరోజు ఇంటర్వెల్లో సింధూరే ఆఫీసు గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రావచ్చా అని అడిగి, వచ్చి, బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. సోమవారం కాబట్టి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఆలోచించుకుని వచ్చిందని జాకియాకి అర్థమైంది.

"మేడం, ఒకటి అడగొచ్చా? ఆ రోజు టీచర్ నా బొమ్మ ఎందుకు తీసుకుంది? మీరందరూ నవ్వుతున్నారని, నాకోసం అలా చెప్పిందా?"

జాకియా పెన్ను కింద పెట్టింది. బీరువా ఆమె కుర్చీకి చేతికందేంత దూరంలోనే ఉంది. పిల్ల కళ్లు ఔననమని బతిమాలుతున్నాయి. ఔనంటే చాలు. కానీ ఔనంటే, ఆ పిల్ల ఇంటికి వెళ్తూ భారతీదేవి గురించి ఏమనుకుంటుందో జాకియాకి తెలుసు. నా కోసం నిలబడిందని బతికినంతకాలం గర్వంగా అనుకుంటుంది. నాసర్ గురించి తను అలా గర్వంగా అనుకునే వీలు లేకుండా చేసిన మనిషికి, ఈ పిల్ల మనసులో అంత చోటు.

"నీ కోసం ఎందుకు చెప్తుందమ్మా," అంది. "ఫస్ట్ ప్రైజ్ అని తెలిసే చెప్పింది."

సింధూర తలూపింది. థాంక్యూ మేడం అంది. గుమ్మం దాకా వెళ్లి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

కొత్త టైం టేబుల్లో డ్రాయింగ్ పీరియడ్ తీసేసి లెక్కలు పెట్టారు. జూన్‌లో తొమ్మిదో తరగతిలో సింధూర లెక్కల్లో బాగా చేస్తోందని టీచర్లు చెప్పారు. జాకియా ఒకసారి ఆ క్లాసు వైపు వెళ్లినప్పుడు, పక్కపిల్ల నోటుపుస్తకం అంచున పువ్వు వేసుకుంటుంటే సింధూర దాని వైపు చూసి, ఏంటే ఆ పిచ్చి గీతలు, ఏ ఆటో మీదన్నా అంటించుకో అంది. ఆ పిల్ల అరచేత్తో పువ్వుని మూసేసింది.